పచ్చ బటన్ మీది నిమ్మకాయ

యంత్రాలకు బటన్లు, దీపాలు, తెరలు ఎక్కడ ఉండాలో గీసి ఇవ్వడం నా ఉద్యోగం. దిష్టి, తాయెత్తు, ముహూర్తం అబద్ధమని సభల్లో వాదించడం నా అలవాటు. ఈ రెండూ ఎదురుపడతాయని అనుకోలేదు. ఆదోనిలో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో ఎదురుపడ్డాయి.

దూదిని అదిమి బేలు, అంటే గట్టి మూట, చేసే ప్రెస్సు అది. దాని ప్యానెల్ గీసింది నేనే. ఒక చేతికి రెండూ అందనంత దూరంలో రెండు పచ్చ బటన్లు. రెండూ నొక్కి పట్టుకుంటేనే పైనుంచి ఇనుప దిమ్మ దిగుతుంది. ఆపరేటర్ చేతులు రెండూ బయటే ఉండాలని ఆ ఏర్పాటు.

ఎలా నడుస్తోందో చూద్దామని ఎమ్మిగనూరు నుంచి బస్సులో పోయాను. ఎడమ బటన్ మీద కప్పులా వంగిన రేకు కింద, బటన్ నొక్కుకునే ఉండేలా ఒక నిమ్మకాయ ఇరికించి ఉంది. దానికి పసుపు, కుంకుమ. ఆపరేటర్ కుడిచేత్తో రెండో బటన్ నొక్కుతున్నాడు. ఎడమచెయ్యి దిగుతున్న దిమ్మ కింద బేలుకు చుట్టే గుడ్డను సర్దుతోంది.

మిషన్ ఆపించాను. దిష్టి ఎందుకు లేదో మొదటినుంచీ చెప్పాను. కాయకు చూపును ఆపే గుణముంటే సంతలో నిమ్మకాయల బుట్ట ఎవరికీ కనపడకూడదు కదా అని అడిగాను. సభల్లో ఈ మాటకు చప్పట్లు వస్తాయి.

ఆపరేటర్ అంతా విన్నాడు. "దిష్టి లేదు, గిష్టి లేదు సార్. నేనూ నమ్మను."

"మరి ఇదెందుకు పెట్టినావు?"

"ముందు కట్టెముక్క పెట్టినా. మిల్లు సేటు సూసి తీసి పారేసినాడు. నిమ్మకాయైతే దండం పెట్టి పోతాండాడు."

పక్క మిషన్ దగ్గరినుంచి ఇంకొకాయన అరిచాడు: "సారుకు నీళ్లియ్యప్పా! ఊరికే గొంతు నొప్పి తెచ్చుకున్నాడు."

"దిమ్మ కింద చెయ్యి పడితే?" అన్నాను.

"ఇంతవరకూ పడలేదు కద సార్."

"ఇదీ దిష్టి లాంటి నమ్మకమే."

అతను తన ఎడమచేతిని తిప్పి చూసుకున్నాడు. "సరే. గుడ్డ జారితే బేలు పాడైతాది. గుడ్డ ఎవురు పట్టుకోవల్ల?"

నా బొమ్మలో గుడ్డ లేదు.

మరుసటి వారం గుడ్డను పట్టి ఉంచే క్లిప్పులు చేయించి తెచ్చాను. బటన్లు కూడా మార్చాను. ప్రతిసారీ రెండూ వదిలి, మళ్లీ రెండూ ఒకేసారి నొక్కితేనే దిమ్మ కదులుతుంది. ఆపరేటర్ నిమ్మకాయ అలాగే ఉంచి కుడి బటన్ నొక్కి చూశాడు. కదల్లేదు. కాయ పీకి జేబులో వేసుకుని, రెండు చేతులతో నొక్కాడు. దిమ్మ దిగింది. గుడ్డ జారలేదు.

అంతలో సేటు వచ్చాడు. ప్యానెల్ చూసి ముఖం మాడ్చుకున్నాడు. "నిమ్మకాయ యాడప్పా? ఎవురు తీయమన్నారు? ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తా. ముందెట్లుండె అట్లే చేయిస్తా."

ఆపరేటర్ తల తిప్పలేదు. "సారు మిషన్ లోపలే పెట్టిచ్చినాడు సేటూ. ఇంగ బయట అక్కర్లేదంట."

సేటు నావైపు గౌరవంగా చూశాడు. ప్యానెల్‌కు రెండు చేతులూ జోడించాడు.

ఖండించడానికి నోరు తెరిచాను. ఆపరేటర్ చేతులు రెండూ పచ్చ బటన్ల మీద ఉన్నాయి. నోరు మూసుకున్నాను.