గురువారం రికార్డు

కైరోలో ఇన్షిరాహ్ ముప్పై ఏళ్లు గ్రామఫోన్ రికార్డుల కొట్లో పనిచేసింది. కొట్టు మూతపడ్డాక, పాడైపోయిన రికార్డులను సన్న రంపంతో కోసి గాయకుల ముఖాలు, గోడ గడియారాలు చేసి అమ్మసాగింది. పాటలంటే చెవి కోసుకునేవాళ్లకు కానుకలుగా ఇవ్వడానికి జనం కొనుక్కెళ్లేవారు. అయితే ఏ రికార్డునైనా ముందు వాయించి చూస్తుంది. అది పాడిందంటే రంపం ముట్టుకోదు.

ఆవేళ సాయంత్రం హాజిమ్ అనే కుర్రాడు తెచ్చిన రికార్డు మీద ముల్లు పెట్టగానే గదంతా పాట నిండింది.

"ఇది నేను కోయను. ఎవరిదిది?"

"మా మావగారిది పిన్నిగారూ. ఈ గాయని అంటే ఆయనకు ప్రాణం. రేపు పుట్టినరోజు. ఆవిడ ముఖం కోసిస్తే గోడకు తగిలిస్తాం. ఆయనకు చెప్పకుండా తెచ్చాను."

ఇన్షిరాహ్‌కు ఒళ్లు మండిపోయింది. "ఆయన రికార్డే ముక్కలు చేసి ఆయనకే కానుకిస్తావా? నీకసలు బుద్ధుందా?"

"రోజూ వినరులెండి. గురువారం సాయంత్రం ఒక్కసారే, కాఫీ ముందు పెట్టుకుని వింటారు."

ఆమె రికార్డును కవర్లో పెట్టి అతని చేతికిచ్చింది.

"ఇవాళేం వారం?"

హాజిమ్ ముఖం పాలిపోయింది.

"ఇంకా నిలబడ్డావేం, పరుగెత్తు! అక్కడ ఆయన అరలన్నీ వెతుకుతూ ఉంటాడు. ఈపాటికి కాఫీ కూడా చల్లారిపోయుంటుంది!"