వదినగారి వేలు

మా వదినగారు మిక్సీలకు, కుర్చీలకు రూపం గీసే డిజైనరు. ఏ వస్తువునైనా ఒక్క వేలితో వెనక్కి నెట్టి, ఎంత వంగితే పడిపోతుందో చూసేవారు. మా ఇంట్లో ఆవిడ నెట్టని గ్లాసు లేదు.

ఆవిడ చేసిన తలా తోకా లేని చెక్క ఊగుడు గుర్రాన్ని చూసి కొనడానికి బొమ్మల కంపెనీవాళ్లు అమలాపురం వచ్చిన రోజున, ఆవిడ దానిమీద మా పాపను కూర్చోబెట్టి నెట్టడం మొదలుపెట్టారు.

"చాలండీ వదినగారూ, పాప పడిపోద్ది!" అన్నాను.

ఆవిడ ఆపలేదు. గుర్రం దాదాపు నిలువుగా లేచి, ఒక్క క్షణం ఆగి, తిరిగొచ్చింది. పాప కిలకిలా నవ్వింది. కంపెనీవాళ్లు చప్పట్లు కొట్టి, ఒప్పందం కాగితాలు తీశారు.

ఆవిడ మాత్రం తన ఎడమ చేతినే చూసుకుంటున్నారు. ఎప్పుడు వెళ్లిందో, అది పాప తల వెనక కాపు కాస్తోంది.

"ఏమీ అనుకోకండి, ఈ గుర్రాన్ని ఇప్పుడే మీకు ఇవ్వలేనండీ," అన్నారు. "నా చెయ్యే దీన్ని నమ్మలేదు."