మీనా గొంతు, శాంతిప్రియ మైకు

“ఎవరో నూతిలోంచి మాట్లాడుతున్నారు” అని ఆవపల్లిలో ఒక బాలింత తన భర్తతో అనడం శాంతిప్రియకు స్పష్టంగా వినిపించింది. ఆమె మాటే వాళ్లకు అందడం లేదు. “అమ్మా, ఆరోగ్య సలహా కేంద్రం నుంచి మాట్లాడుతున్నానమ్మా” అని గొంతు పెంచి మళ్లీ మొదలుపెట్టింది. అవతల ఫోను పెట్టేశారు. బిడ్డకు టీకా వేయించారో లేదో తెలియలేదు.

కాసేపటికే వాళ్ల గ్రూపులో వినోద్ ఒక రికార్డింగు పెట్టాడు. రాయపూర్‌లో కూర్చుని వీళ్లందరి కాల్స్ విని మార్కులు వేసేది అతనే; తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడేది హిందీయే. రికార్డింగు ఆమెతోపాటే తెలుగు డెస్కులో పనిచేసే మీనాది. కింద “ఆవాజ్ ఐసీ హోనీ చాహియే” అని రాసి, చప్పట్లు కొట్టే చేతుల బొమ్మలు పెట్టాడు. గొంతంటే ఇలా ఉండాలట.

శాంతిప్రియ విన్నది. మీనా కొంటా దగ్గరి ఊళ్లో ఒక ముసలమ్మతో మాట్లాడుతోంది. మనవడికి విరేచనాలవుతున్నాయి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు ఎలా తాగించాలో చెబుతోంది. ప్రతి మాటా కడిగిన గిన్నెలా ఉంది. మాటకూ మాటకూ మధ్య మీనా ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. శాంతిప్రియ మళ్లీ విన్నది. మూడోసారి వినేటప్పటికి ముసలమ్మా గుర్తు లేదు, మనవడూ గుర్తు లేడు. ఆ ఊపిరి ఒక్కటే చెవిలో మిగిలింది, ఒళ్లు మండిపోయేలా.

శాంతిప్రియ పుట్టింది ఈ ఇనుప గనుల ఊరు కిరందుల్‌లోనే. తండ్రి బొబ్బిలి వైపు నుంచి వచ్చి రైలు పట్టాల గ్యాంగులో చేరాడు. జగదల్‌పూర్‌లో ఫిజిక్స్‌తో బీయస్సీ చేసింది. చదువు కాగానే ఇమ్మానుయేలుతో పెళ్లయింది. అతను గూడ్సు బళ్ల మీద అసిస్టెంట్ లోకో పైలట్. ఇంట్లో వాళ్లిద్దరూ, అత్తగారు తాతమ్మ, రెండేళ్ల కూతురు కెజియా. నలుగురితోపాటు ఇనుప ఖనిజం ధూళి కూడా ఆ క్వార్టర్లో కాపురం ఉంటుంది. తెల్ల బట్ట ఆరేస్తే ఎర్రబడుతుంది. పొద్దున తుడిచిన కిటికీ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. అందుకే ఆ కాలనీలో ప్రతి వస్తువుకూ ఒక తొడుగు ఉంటుంది. తాతమ్మ ఆ పనిలో దిట్ట. పాత చీరలు, చిరిగిన రెయిన్‌కోట్లు కత్తిరించి టీవీకి, మిక్సీకి, రిమోటుకు, చివరికి గోడ గడియారానికి కూడా తొడుగు కుట్టింది.

కెజియా దగ్గినప్పుడల్లా శాంతిప్రియకు ఆ ధూళే గుర్తొస్తుంది. నిద్రలో పిల్ల ఛాతీ మీద చెవి పెట్టి వింటుంది. మొదటి హెడ్‌సెట్ ఈ ధూళికే పోయింది. చెవి దగ్గరుండే స్పీకరులో అయస్కాంతం ఉంటుంది కదా, సన్నటి ఖనిజం పొడి దాని జాలీకి నూగు మీసంలా పట్టుకుపోయింది. రెండోది కొన్న రోజునే తాతమ్మతో మైకుకు తొడుగు కుట్టించుకుంది. నోటి ముందుకు వంగి ఉండే కాడకు, రెయిన్‌కోటు గుడ్డతో చిన్న సంచి, అడుగున సన్నని ఎలాస్టిక్. ఆలోచించకుండా చేసిన పని కాదది. ముక్కుకు మాస్కు కట్టుకుని మాట్లాడినా మాట వినిపిస్తుంది. గుడ్డ ధూళిని ఆపుతుంది గాని శబ్దాన్ని ఆపదు. ఆ లెక్కతో నిశ్చింతగా ఉంది.

ఇప్పుడు ఆమెకు కావలసింది పొద్దుటి డ్యూటీ. ఇంటి నుంచే చేసే ఈ పనిలో ఏడాదిగా సాయంత్రం డ్యూటీలోనే ఉంది. కెజియా అన్నం తినే వేళకు తలుపు మూసుకుని ఎవరి పిల్లలకో ఏం పెట్టాలో చెబుతుంది. బయటికి వచ్చేసరికి తన పిల్ల నిద్రపోయి ఉంటుంది. తెలుగు డెస్కుకు ఒక లీడ్‌ను వేస్తామని వినోద్ ప్రకటించాడు. కొత్తవాళ్లకు పని నేర్పాలి, డ్యూటీ పొద్దున మాత్రమే. పోటీలో మిగిలింది ఇద్దరు, శాంతిప్రియ, మీనా. “శాంతీ జీ, జానకారీ ఆప్‌కీ అచ్ఛీ హై” అన్నాడు వినోద్. విషయం మీకు బాగా తెలుసు అని. ఆ వెంటనే, “లేకిన్ ఆవాజ్...” అని ఆగిపోయాడు.

ఆవాజ్ సంగతి తేల్చుకోవాలని ఆమె పట్టు పట్టింది. చదువుకున్న పద్ధతిలోనే వెళ్లింది, ఒకసారికి ఒక్క మార్పు. బ్లూటూత్ తీసేసి వైరు పెట్టింది. ల్యాప్‌టాప్‌ను వైఫై డబ్బా పక్కకు జరిపింది. ఫ్యాను ఆపి చెమటలు కక్కుతూ మాట్లాడింది. సెట్టింగుల్లో మైకు శబ్దం పెంచింది, తగ్గించింది. వంటింట్లో బియ్యం బస్తాల మధ్య కూర్చుని చూసింది. మాట కాస్త మారేది, నూతి మాత్రం పోయేది కాదు.

“నువ్వు మీనా కంటే బాగానే మాట్లాడతావే” అన్నాడు ఇమ్మానుయేలు డ్యూటీకి బూట్లు కట్టుకుంటూ.

“నీకేం తెలుసు? నువ్వు విన్నావా ఆవిడ రికార్డింగు?”

“నువ్వేగదా పొద్దుటేల, రేత్రేల ఇంట్లో మోగిస్తన్నావు. ప్రార్థన పాటలకన్నా అదే ఎక్కువైపోనాది.”

“ఆవిడ దగ్గర మంచి హెడ్‌సెట్ ఉంది. చెప్పదు. దాస్తుంది.”

“అడిగి సూడు మరి.”

అడగడమంటే ఓడిపోవడమే అనిపించింది గాని, అడిగింది. మీనాకు నవ్వొచ్చింది. “నాదా? భద్రాచలంల బస్టాండ్ కాడ కొన్న అక్కా. చానా చీప్‌ది. చెవుల మీద స్పాంజి గూడా ఊడిపోయింది, రబ్బరుబ్యాండ్ కట్టి పెట్టిన.”

“అబద్ధమైనా అతికినట్టు ఉండాలి” అంది శాంతిప్రియ ఫోను పెట్టేశాక, గోడ వైపు తిరిగి. రబ్బరుబ్యాండ్ మాటను అసలే నమ్మలేదు. ఆ కోపంలోనే, ఇంట్లో ఎవరితోనూ చెప్పకుండా, బాగా పేరున్న రకం ఒకటి తెప్పించింది. అట్టపెట్టె విప్పి ఛార్జింగు పెట్టి స్నానానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి దాని మైకుకు కొత్త తొడుగు వేసి ఉంది, నీలం రంగుది, అంచుకు కుచ్చిళ్లతో.

“కొత్తది గదమ్మా, దుమ్ము పట్టీకుండా బేగి కుట్టీసేను” అంది తాతమ్మ.

“మంచిపని చేశారత్తా” అంది శాంతిప్రియ మనస్ఫూర్తిగా.

ఆ సాయంత్రం మొదటి కాల్‌లోనే అవతలి ఆమె “ఆఁ? ఆఁ?” అంది.

అంత ఖరీదు పెట్టినా మీనా ముందు తాను నూతిలో కప్పే. ఇక లోపం తన గొంతులోనే ఉందేమో అనుకుంది. అద్దం ముందు నిలబడి నోరు తెరిచి, నాలుక కింద కూడా చూసుకుంది. పిల్లను కన్నాక గొంతు మారుతుందా అని ఫోనులో వెతికింది. దేవుడు కొందరికి ఊపిరి తీసుకోవడం కూడా అందంగా ఇస్తాడు, ఏం న్యాయం అది అని అక్కసు పడింది.

ఆ వారంలోనే మీనా ఫోను చేసింది. బచేలిలో మేనమామ కూతురి పెళ్లికి వచ్చిందట. పెళ్లింట్లో డీజే మోత, డ్యూటీ ఎగ్గొట్టే వీలు లేదు, పైగా హెడ్‌సెట్ కొంటాలో తన ఇంట్లోనే మరిచిపోయింది. “మీ ఇల్లు దగ్గరే గదక్కా. ఒక పూట మీ ఇంట్ల కూసొని చేసుకుంటా, ఏమనుకోకు.”

కాదనడానికి సాకు దొరకలేదు. మీనా పెళ్లి చీరలోనే, చేతినిండా గాజులతో వచ్చింది. కెజియా కొత్తవాళ్లను చూస్తే తలుపు వెనక్కి పోతుంది. అలాంటిది, గాజుల చప్పుడు వినగానే తిన్నగా వెళ్లి మీనా ఒళ్లో ఎక్కి కూర్చుంది.

“ఏందే పిల్లా, మీ అమ్మ లెక్కనే మూతి ముడుస్తున్నవ్!” అంది మీనా. పిల్ల పకపకా నవ్వింది.

“అది ఎవరిదగ్గరికైనా పోతుందిలే” అంది శాంతిప్రియ. అబద్ధం.

కొత్త హెడ్‌సెట్ కప్‌బోర్డులోనే ఉంచి, పాతది తెచ్చి మీనా చేతికిచ్చింది. డ్యూటీ మొదలుకాక ముందు వినోద్‌తో మాట్లాడి లైను సరిచూసుకోవాలి. శాంతిప్రియ తన ఫోనులో అదే మీటింగులో చేరి పక్కనే కూర్చుంది.

“నమస్తే సార్, మీనా బోల్ రహీ హూఁ.”

వినోద్ ఆ గొంతు పోల్చుకోలేకపోయాడు. “కౌన్? శాంతీ జీ?” అని అడిగాడు.

“నహీఁ సార్, మీనా!”

“అరే మీనా, క్యా హో గయా? కూఏఁ సే బోల్ రహీ హో క్యా?”

నూతిలోంచి! మీనా కూడా నూతిలోంచే! శాంతిప్రియకు ఒక్కసారిగా ఒళ్లు తేలికయింది. ఇన్నాళ్లలో ఇంత తియ్యని మాట వినలేదు. మీనా గొంతులో ఏ గొప్పా లేదు. ఈ ఇంట్లో కూర్చుంటే ఎవరి గొంతైనా ఇంతే. లేచి వెళ్లి మీనాకు టీ పెట్టింది, పంచదార ఒక చెంచా ఎక్కువే వేసింది.

టీ తెచ్చేసరికి మీనా ముక్కు చిట్లిస్తోంది. “ఏందక్కా ఇది? మైక్‌కి రెయిన్‌కోట్ తొడిగినవేంది? వాసనొస్తుంది. మీ ఇంట్ల మైక్‌కి జలుబు చేస్తదా?” అంటూ ఎలాస్టిక్ లాగి తొడుగు తీసి కెజియా చేతిలో పెట్టింది. “సార్, హలో, అబ్ సునియే...”

“హాఁ! అబ్ ఠీక్ హై. బిల్కుల్ సాఫ్!”

ఫోనులోంచి మీనా ఊపిరి కూడా వినిపించింది. శాంతిప్రియ టీ కప్పు కింద పెట్టి, “మీనా, ఒకసారి ఇటివ్వు” అని హెడ్‌సెట్ తీసుకుంది. కిటికీ వెలుగులో కాడను తిప్పి చూసింది. నోటి వైపు ఒక చిన్న రంధ్రం, దాని వెనక బయటి వైపు ఇంకొకటి.

అంతే, తల పట్టుకుంది. ఒక మైకు నోటి మాట వింటుంది, రెండోది చుట్టూ ఉన్న చప్పుడు వింటుంది. రెండింటిలోనూ ఒకేలా వినిపించేది బయటి చప్పుడని లెక్కవేసి, లోపలి చిప్పు దాన్ని తీసేస్తుంది. సంచిలో బిగిస్తే మాట ఆ గుడ్డ లోపలే తిరిగి రెండు రంధ్రాలకూ ఒకేలా అందుతుంది. అప్పుడు చిప్పుకు ఆమె గొంతే చప్పుడు. ఆమే చెరిపేయమన్నట్టు, చిప్పు ఇన్నాళ్లూ ఆమె మాటనే చెరిపేస్తూ వచ్చింది. మాస్కు లెక్క తప్పు కాదు. మైకు ఒకటే అనుకోవడం తప్పు.

తొడుగు వేసి ఒకసారి, తీసి ఒకసారి, వెనక రంధ్రం మీద వేలు పెట్టి ఒకసారి మాట్లాడి వినోద్‌కు వినిపించింది. ఎందుకలా అవుతోందో హిందీలోనే, తీరిగ్గా, పాఠం చెప్పినట్టు చెప్పింది. మీనా పక్కనుంచి, “సార్, అక్క గొంతు సూడండి, నాకన్నా మంచిగుంది. ఇన్నిరోజులు సంచిల కట్టిపెట్టింది” అని నవ్వింది.

వినోద్ మిగతావాళ్లను కూడా అడిగాడు. గనుల వైపు ఉన్నవాళ్లలో సగం మంది మైకులకు ఏదో ఒకటి కట్టుకునే ఉన్నారు, ఒకామె చంటిపిల్ల సాక్సు తొడిగింది. శాంతిప్రియ చేత అందరికీ ఒక పాఠం చెప్పించాడు. ఆ తరువాత ఫోను చేసి, నేర్పడం వచ్చినవాళ్లే లీడ్‌గా ఉండాలనీ, ఇన్నాళ్లూ అడ్డం వచ్చింది ఆవాజ్ ఒక్కటేననీ అన్నాడు. పొద్దుటి డ్యూటీ ఆమెకు వచ్చింది.

మీనా తనే ఫోను చేసింది. “మంచిగైందక్కా. నీకే రావాలె. సరే ఉంటా, మా అమ్మ పిలుస్తుంది.” అంత తేటగా వినిపించే లైనులో వెనక ఎవరి పిలుపూ వినపడలేదు. తొడుగు తీయకపోయి ఉంటే ఆ ఉద్యోగం మీనాదే. ఆ సంగతి శాంతిప్రియకు తెలుసు, మీనాకూ తెలుసు. తిరిగి ఫోను చేసి ఏదైనా మంచి మాట చెప్పాలనుకుంది. ఏం చెప్పినా గెలిచినవాళ్ల మాటలాగే ఉంటుందని ఊరుకుంది. నిజం చెప్పాలంటే, సంతోషంగానే ఉంది.

మొదటి ఖాళీ సాయంత్రం ఆమె మెత్తగా పప్పన్నం కలిపింది. కెజియా రెండు ముద్దలు తిని, మూడోది నోట్లోనే పెట్టుకుని నాయనమ్మ గదిలోకి పరుగెత్తింది. పడుకునే వేళకు శాంతిప్రియ పక్క వేసి, పాట అందుకుంది. మొదటి చరణం అయ్యేలోపే పిల్ల మంచం దిగి, చీకట్లో తడుముకుంటూ వెళ్లి తాతమ్మ కడుపు మీద తల పెట్టుకుంది. తాతమ్మకు ఏ పాటా రాదు, వీపు మీద చేత్తో తడుతూ ఉంటుంది, అంతే.

శాంతిప్రియ గుమ్మంలో నిలబడి ఆ చేతిని చూసింది. మీనా మీద కూడా ఎన్నడూ రానంత కుళ్లు ఆ చేతి మీద వచ్చింది.

“అలవాటైపోనాదమ్మా” అంది తాతమ్మ కళ్లు మూసుకునే. “అలా నిలబడిపోతావేటి? ఇటేపు సోటుంది. వొచ్చి పడుకో.”

ఆమె కాసేపు బెట్టు చేసింది. తరువాత వెళ్లి, గోడకు ఒదిగి, పిల్లకు అవతలి పక్కన పడుకుంది. కెజియా నిద్రమత్తులో ఒక కాలు తెచ్చి ఆమె మీద పడేసింది. తల మాత్రం అటే ఉంది.