సుచరిత టీచర్ అందరి బడి

సుచరిత టీచర్ ఒక పూట మొహానికి పూసుకునే పౌడరుతో శాలిబండలో రెండిళ్లకు వెల్ల వేయొచ్చు. గుడివాడ నుంచి మొగుడి ఉద్యోగం వెంట వచ్చి, కింది వాటాలో నర్సరీ పెట్టింది. రెండువేల మూడులో ఏదో శిక్షణకు వెళ్లొచ్చి, ఎలాంటి లోపమున్న పిల్లలనైనా అందరితో కలిపే కూర్చోబెడతానని గేటు దగ్గర నిలబడి చాటింది. ఆ చాటింపుకు గోల్కొండ కోట మీద పావురాలు లేచిపోయాయంటే నమ్మాలి. లోపల మాత్రం ఒకటే దిగులు: మిగతా పిల్లలు వాళ్ల చేష్టలు నేర్చుకుంటే, తల్లిదండ్రులు బడి మాన్పిస్తే?

అలా చేరింది ఒక్క స్వీటీయే. నాలుగేళ్లొచ్చినా మాట రాదు. సంతోషమొస్తే రెండు చేతులూ పిచ్చుక రెక్కల్లా ఆడిస్తుంది. ఒక మధ్యాహ్నం టీచర్ అభినయగీతం పాడుతుంటే ఒక్కరూ తలెత్తలేదు గానీ, స్వీటీ చేతులాడించగానే గది గదంతా ఆడించింది. స్వీటీ పకపకా నవ్వింది. తీసుకెళ్లడానికొచ్చిన తల్లి సుందరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. “మా బిడ్డకు దోస్తులు దొరికిన్రు టీచరమ్మా! గిది గిట్ల నవ్వంగ నేనెన్నడు సూడలే.”

“రేపట్నుంచి పంపకమ్మా,” అంది టీచర్.

“కొట్టిందా, కొరికిందా? ఏం జేసింది నా బిడ్డ?”

“అది చేసిందే వీళ్లందరూ చేస్తున్నారు. కనబడట్లేదూ?” అంటూ స్వీటీ చెప్పులు తెచ్చి బయట పెట్టింది.

మర్నాడు పిల్లలు స్వీటీ కూర్చునే చోటు వైపు చూస్తూ చేతులాడించారు. సుచరిత టీచర్ ఎవరి చేతుల మీద వాళ్లనే కూర్చోబెట్టి, వేళ్లు తిమ్మిరెక్కి అందరూ ఏడ్చేదాకా లేవనివ్వలేదు.