అటక మీద అడ్డాకులు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని ఆటపట్టించడం నాకు మహా సరదా. వాటిని ఎప్పుడూ నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. అందుకే ఈ సంగతి చెప్పాలంటే కాస్త సిగ్గుగా ఉంది.

నర్సీపట్నంలో మేం అద్దెకుంటున్న ఇంట్లో జరిగిందిది. నా భార్య లలిత స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఒక వానాకాలం నుంచి ఆవిడకి దగ్గు, తలనొప్పి, కీళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. వాసన తెలియడం మానేసింది. పోపు మాడి ఇల్లంతా కంపు కొడుతున్నా పక్క గదిలో తాపీగా పేపర్లు దిద్దుకునేది. రానురాను బోర్డు మీద సగం లెక్క చేసి మిగతాది మరిచిపోయేది.

రక్తపరీక్షలు, స్కానింగులు అన్నీ నార్మల్. ఒక డాక్టరు మనసుకి మాత్రలు రాశారు. "గాలేదో సోకింది బాబూ, బేగి తాయెత్తు కట్టించండి" అంది పక్కింటి మామ్మ. నాకు నవ్వొచ్చింది. లలితకి రాలేదు. పిల్లలకి తప్పులు చెబుతున్నానని, ఉద్యోగం మానేస్తానని అంది. అప్పుడు మాత్రం నాకు నిజంగా భయమేసింది.

ఒకటే వింత. కోటవురట్లలో పుట్టింటికి వెళ్తే వారంలో తేరుకునేది. తిరిగి రాగానే మళ్ళీ మొదలు. యలమంచిలిలో ఒక డాక్టరమ్మకి ఈ మాట చెబితే రాస్తున్న పెన్ను పక్కన పెట్టేశారు.

"రోగం ఇంట్లో ఉందేమో చూడండి. చెమ్మకి ఫంగస్ పడితే అది వదిలే విషం కొందరిని నెలల తరబడి ఇలాగే పీడిస్తుంది. రుజువు చేసే పరీక్ష నా దగ్గర లేదు. అది తీసేశాక తగ్గితే అదే రుజువు" అన్నారు.

బీరువా వెనక, బాత్రూంలో, సింకు కింద, అన్నిచోట్లా వెతికాను. ఏమీ కనబడలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం లలిత పడుకుంది. బయట ఎండ. నేను పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. ఉన్నట్టుండి ఆవిడ కళ్ళు తెరవకుండానే స్పష్టంగా అంది.

"ఏవండీ, పైన ఎవరో తడిసిపోతన్నారు. బేగి దించండి."

పైన అంటే అటక. దానికి పాత చీర ఒకటి తెరగా కట్టి ఉంది. స్టూలెక్కి తెర తీస్తే ముక్కు పగిలే వాసన. అడ్డాకుల విస్తళ్ళ కట్టలు! మా నాన్నగారి సంవత్సరీకం భోజనాలకి కొయ్యూరు నుంచి తెప్పించాం. మిగిలిన వాటిని, "మీ నాన్న పేరన తెచ్చిన ఆకులురా, పారీకూడదు" అని అమ్మ పైన పెట్టించింది. అప్పటికే లలిత పుట్టింటికి వెళ్ళిపోయింది. అవి అక్కడున్నట్టు ఆవిడకి తెలీదు, నేనేమో మరిచేపోయాను. శ్లాబు కారి అడుగు కట్టలన్నీ కుళ్ళిపోయాయి. సరిగ్గా ఆవిడ తలగడకి పైన నల్లగా ఫంగస్.

అన్నీ తీయించి, శ్లాబు బాగు చేయించి, సున్నం వేయించాను. నెమ్మదిగా దగ్గు పోయింది, వాసన తిరిగొచ్చింది. ఇప్పుడు లలిత బోర్డు మీద లెక్క పూర్తి చేశాకే కిందకి దిగుతోంది.

నిద్రలో వాసన తగిలి అలా అని ఉంటారన్నారు డాక్టరమ్మ. అప్పటికి లలితకి వాసనే తెలీదు కదా! ఆ మాటలు అన్నట్టే తనకి గుర్తు లేదు.

"మీ నాన్న కాక ఇంకెవర్రా? కోడలంటే పేణం కదేటి" అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

మామూలుగా అయితే ఆటపట్టించేవాణ్ణి. ఆ రోజు వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను.

ఇప్పటికీ వాన మొదలవగానే స్టూలెక్కి ఆ ఖాళీ అటకని చేత్తో తడిమి చూస్తాను. శ్లాబు కారుతోందేమో అని లలితతో చెబుతాను.