పచ్చ తీగ

రండమ్మా, ఆ గడపకాడ నిలబడకుండా లోపలికొచ్చి చాప మీద కూచోండి. ఇంకొంచెం ఇటు జరగండి. గ్రైండరు ఆపేసినాను, ఇప్పుడు నా మాట వినబడతాది. మా బావ సైకిలుకి రెండు మోటార్లు బిగించిన సంగతి చెప్తాను.

బావ అంటే నా మొగుడే, మేనత్త కొడుకు. పెళ్లయి ముప్పై ఏళ్లు దాటినా నా నోటికి ఆ పిలుపే అలవాటు. మద్రాసులో, ఈ తిరువొత్తియూరులోనే ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైనాడు. రిటైరైన మూడు నెలలు ఇంట్లో కూచున్నాడు చూడండీ, అప్పుడు నాకు భయమేసింది. అన్నం సయించేది కాదు. బాగా తిరిగే ఫ్యానుని ఊడదీసి మళ్లీ బిగించేవాడు. అప్పుడే నేను ఇడ్లీ పిండి రుబ్బి ఇస్తే, రెండు క్యాన్లలో పోసుకొని సైకిలు మీద టిఫిన్ అంగళ్లకి వేసి రావడం మొదలుపెట్టినాడు. నాలుగు అంగళ్లలో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేసరికి మనిషి మళ్లీ మనిషైనాడు.

అంగళ్లన్నీ రైలు పట్టాలకి అవతల. మధ్యలో పట్టాల కిందనించి పొయ్యే సబ్‌వే. దిగేటప్పుడు సుఖమే, ఎక్కేటప్పుడే ప్రాణం మీదికొస్తాది. ఆ ఎత్తుకాడ ఆయన దిగి హ్యాండిలు పట్టుకొని లాగితే, నేను వెనకనించి తోసేదాన్ని. పోయిన వానాకాలంలో సగం ఎత్తులో బావ కూలబడినాడు. గుండె బాగానే ఉంది, మోకాళ్లే అరిగినాయి, తొక్కొద్దు అన్నాడు డాక్టరు. స్కూటరు ఆయనకి రాదు. ఈ వయసులో నేర్చుకోనన్నాడు. వెనక చక్రానికి కరెంటు మోటారు ఒకటి తెచ్చి తానే బిగించుకున్నాడు.

పోపుల డబ్బా అంత ఉంటాది ఆ మోటారు, చక్రం నడిమధ్యలో. సమంగా ఉండే రోడ్డు మీద చక్కగా పోయేది. పిండి క్యాన్లతో ఎత్తుకొచ్చేసరికి మూలిగి మూలిగి ఆగిపోయేది. తాకితే పెనం తాకినట్టే. మళ్లీ లాగడమే, తోయడమే. ఇది తెలిసి మా కూతురు ఊరుకోలా. పట్టాలకి అవతల అంగళ్లు మానేయమంది. బావ ఇంకో మోటారు పెడతానన్నాడు, ఒక ఎద్దు లాగలేకపోతే రెండో ఎద్దుని కట్టాల గదా అన్నాడు. సరే, వచ్చే ఆదివారం వస్తాను, తొక్కకుండా, ఎవరూ తోయకుండా రెండు క్యాన్లతో నా కళ్ల ముందర ఎక్కించు, ఎక్కకపోతే మానేయాల అంది. ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడంటే ఇంక మాట తప్పే మనిషి కాదు. నాకేమో ఆ ఊడదీసిన ఫ్యాను కళ్లలో మెదిలింది.

పాత మోటారు ఒకటి సంపాదించినాడు. ముందు చక్రం పట్టే ఫోర్కు దానికి సరిపోలా. నాలుగు సాయంత్రాలు ఆకురాయితో రాసి రాసి సరిచేసినాడు. శనివారం పొద్దున తీగలు కలిపినాం. మోటారుకి కరెంటు పంపే పెట్టె హ్యాండిలు కింద ఉంటాది, దాంట్లోంచి మూడు తీగలు వస్తాయి, మోటారులోంచి మూడు వస్తాయి. రంగుకి రంగు కలపాల. బావ పెట్టె తీగల వరస ముందే చూసుకొని, సైకిలు కింద వెల్లకిలా పడుకొని, చేత్తో తడుముకుంటా ఒక్కో తీగ పట్టుకొని రంగు చెప్పినాడు. మోటారు తీగలు నేనందించినాను. మెలేసి నల్ల టేపు చుట్టింది కూడా ఆయనే, తడుముకుంటానే. ముందు చక్రం ఎత్తి పిడి తిప్పితే గిర్రున తిరిగింది. ఎటు తిరిగిందో ఇద్దరం చూడలా. తిరిగింది గదా అని కాఫీ తాగినాం.

తర్వాత వీధిలోకి తీసి, బావ ఎక్కి పిడి తిప్పినాడు. సైకిలు కదల్లా. జ్వరమొచ్చినట్టు వణికింది. వెనక మోటారు ఒక్కటే పెట్టి చూస్తే ముందుకు పోయింది. ముందుది ఒక్కటే పెట్టినాడు. బావ కూచున్నోడు కూచున్నట్టే ఉండగా సైకిలు వెనక్కి పోయి ఎదురింటామె నీళ్ల బిందెల్ని గుద్దింది. ఆమె చీర పిండుకుంటా తమిళంలో, వెనక్కి పొయ్యేది బాగా కుదిరిందన్నా, ముందుకు పొయ్యేది ఎప్పుడు చేస్తావు అని అడిగింది. వీధంతా నవ్వులు.

బావ నవ్వలా. లోపలికొచ్చి స్పానర్లు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. "ఇంక చాల్లే మే. చెడిపోయిన మోటారు అంటగట్టినారు. రేపు బిడ్డకి నేనే చెప్పేస్తా" అన్నాడు.

నాకు చదువు రాదు గానీ, ఒకసారి చూసింది మనసులోంచి పోదు. పొద్దున జరిగిందంతా ఒక్కొక్కటిగా తలుచుకున్నాను.

"చెడిపోతే తిరగనే తిరగదు గదా బావా. నువ్వడిగిందే ఇచ్చినాను నేను. మొదట నీలం అన్నావు, నీలం ఇచ్చినాను. పచ్చ అన్నావు, పచ్చ ఇచ్చినాను. మిగిలింది ఇమ్మన్నావు, ఆకుపచ్చ ఇచ్చినాను."

ఆయన చేతిలో స్పానరు ఆగింది. "ఆకుపచ్చ మిగిలిందా? మరి నువ్వు ఇచ్చిన పచ్చ ఏది?"

"ఇదిగో, ఈ రంగుది" అని నా మెళ్లో పసుపుతాడు చూపించినాను.

గూడూరు పక్కన మా ఊళ్లో పచ్చ అంటే పసుపు రంగే. ఆకు రంగుదైతే ఆకుపచ్చ అంటాం. బావ ఈడనే పుట్టి తమిళ పిల్లల్తో పెరిగినోడు. ఆయనకి పచ్చ అంటే ఆకు రంగు, పసుపైతే మంజ. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఒకే మాట అంటా, ఒకరొక రంగు, ఇంకొకరొక రంగు చూస్తా ఉన్నాం.

నాకు టక్కున ఇంకోటి తట్టింది. "పెళ్లైన కొత్తలో పచ్చ చీర కావాలంటే టి. నగర్ పోయి ఆకు రంగుది తెచ్చినావే, అది కూడా ఇందుకేనా?"

"పచ్చే గదా తెచ్చినా. నచ్చలేదని ఒక మాట అనొచ్చు గదా."

"అంగట్లో అదే ఉంది కాబోలు అనుకున్నా. చినిగిందాకా కట్టుకున్నా గదా."

అప్పుడు నవ్వినాడు మా బావ. స్పానర్ల పెట్టె మీద చెయ్యి పెట్టుకొని, కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ నవ్వినాడు. మూడు తీగల్లో రెండు అటూ ఇటూ అయితే మోటారు వెనక్కి తిరుగుతాదంట. అది ఆయనకి ఎప్పుడో తెలుసు, నా పచ్చ సంగతే తెలీదు. టేపు విప్పి ఆ రెండు మార్చడానికి కాఫీ కాగినంత సేపు కూడా పట్టలా.

ఆదివారం కూతురు వచ్చి సబ్‌వే పైన నిలబడింది. నేను కింద నిలబడినాను, చేతులు కట్టుకొని. తోయకూడదు గదా. బావ రెండు క్యాన్లతో సబ్‌వే కిందికి వచ్చి, ఎత్తు మొదట్లో పిడి తిప్పినాడు. ముందుది లాగింది, వెనకది తోసింది. సగం ఎత్తుకాడ కొంచెం మెల్లగైంది. నా చేతులు వాటంతటవే ముందుకు సాగినాయి. కాళ్లు పెడలు మీద పెట్టి ఊరికే కూచున్న మనిషి, పోతానే ఉన్నాడు, పైకి పోయినాడు.

నేను ఆయాసపడతా ఎక్కి పోయేసరికి కూతురు వంగి రెండు మోటార్లనీ తాకి చూస్తా ఉండాది. గోరువెచ్చగా ఉన్నాయంది. లేచి బ్రేకు నొక్కి చూసింది.

"బ్రేకులు గట్టివి ఏపించుకో నైనా, దిగేటప్పుడు జోరుగా పోతాది" అంది.

అంతే చాలు ఆయనకి. పిండి పులిసిపోతాదని చెప్పి అంగళ్ల దారి పట్టినాడు.

ఓపిగ్గా విన్నారు తల్లుల్లారా. మీ ఇంట్లో తినేవాళ్లకి ఆకలీ, వండేవాళ్లకి ఓపికా తగ్గకూడదు. పెద్దోళ్ల చేతులకి చివరిదాకా ఏదో ఒక పని ఉండాల, పొద్దున బయటికి పోయినోళ్లు సాయంత్రం నవ్వుకుంటా గడప తొక్కాల. సల్లగా ఉండండి.