రౌటర్‌కి పెట్టిన బొట్టు

మీలో ఎవరైనా రౌటర్‌కి బొట్టు పెట్టారా? పెట్టి ఉంటే చెప్పండి, నాకు కాస్త తోడుంటుంది!

కూచిపూడిలో మా వదిన డ్యాన్స్ స్కూల్ నడుపుతుంది. ఆఫీసు పని నాది. నిన్న మా పిల్లలకి ఆన్‌లైన్‌లో పరీక్ష. ఒక మేడమ్ గారు విజయవాడలో కూర్చుని, వీడియోలో చూసి మార్కులేస్తారు. పాత రౌటర్ ఊరికే ఆగిపోతోందని, కొత్తది నేనే కొంటానని పట్టుబట్టాను.

చల్లపల్లిలో షాపాయన రెండు చూపించాడు.

"ఈ చిన్నది తీసుకోండి మేడమ్. మీరే నడుపుకోవచ్చు. ఏదన్నా అయితే మా మనిషి బండేసుకుని వచ్చేస్తాడు. ఆ పెద్దదానికి సెట్టింగులు తెలిసినవాళ్లుండాలి. సపోర్టంతా ఫోన్లోనే, అదీ ఇంగ్లీషులో."

"తెలిసినవాళ్లెందుకండీ, నేను లేనూ?" అన్నాను. పెద్దదానికి బోలెడు యాంటెనాలున్నాయి మరి!

కొత్త వస్తువు కదా, పసుపు రాసి బొట్టు పెట్టాలి. పైనేమో నల్లగా నిగనిగలాడుతోంది, మరకపడుతుందని మనసొప్పలేదు. తిప్పి చూస్తే అడుగున తెల్ల స్టిక్కర్! దానిమీద నిండుగా పూసేశాను. ఎంత కళగా ఉందో!

నిన్న పరీక్షకి ముందు స్పీడు ఇంకాస్త పెంచుదామని ఏదో నొక్కాను. అంతే, నెట్ పోయింది.

"రమా, పిల్లలు గజ్జెలు కట్టుకుని నిలబడ్డారే!" అంది వదిన.

"ఉండు వదినా, దీని సంగతి తేలుస్తా!" అని సపోర్ట్‌కి ఫోన్ కొట్టాను.

"సీరియల్ నంబర్ ప్లీజ్? ఇట్ ఈజ్ ఆన్ ద బాటమ్ స్టిక్కర్, మామ్."

రౌటర్ తిప్పి చూశాను. "దానిమీద కుంకుమ ఉందండీ" అన్నాను.

"వాట్ ఈజ్ కుంకుమ, మామ్?"

కొంగు తడిపి గట్టిగా రుద్దాను. బొట్టు పోయింది. నంబరూ పోయింది!

"ఓకే మామ్, ప్లీజ్ గివ్ ద ఫోన్ టు యువర్ టెక్నికల్ పర్సన్."

చుట్టూ చూశాను. వదిన, గజ్జెల పిల్లలు, మృదంగం మాస్టారు. అందరూ నావైపే చూస్తున్నారు!

వదిన వెళ్లి అటక మీంచి పాత రౌటర్ తెచ్చి తగిలించింది. పరీక్ష గట్టెక్కింది. మధ్యలో అలవాటు ప్రకారం అది ఆగింది కూడా. "మీ పిల్లకి నిలకడ బాగుందండీ, ఆ భంగిమలో అస్సలు కదల్లేదు!" అన్నారు మేడమ్ గారు. సిగ్గుతో చచ్చిపోయి, నెట్ ఆగిందని చెప్పి ఆ ముక్క మళ్లీ చేయించాం.

నేనొదుల్తానా? ఇవాళ పొద్దున్నే షాపుకెళ్లి మార్చమన్నాను. ఆయన తడిసిన స్టిక్కర్ చూసి, మార్చడం కుదరదని దణ్ణం పెట్టాడు. అయినా చిన్నది కొనుక్కునే వచ్చాను. వాళ్ల మనిషే వచ్చి బిగించాడు.

పసుపు, కుంకుమ పళ్లెంతో బయల్దేరితే వదిన గుమ్మంలో అడ్డం నిలబడింది. "రౌటర్ని ముట్టుకున్నావో ఊరుకోను. కావాలంటే ఆ ఖాళీ డబ్బాకి పెట్టుకో!"

పెట్టాను. హారతి కూడా ఇచ్చాను. డబ్బా బ్రహ్మాండంగా పనిచేస్తోంది!